కత్తెర పడకముందే మాట్లాడుకుందాం



ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన పట్టణాల్లో ఒక సమావేశం జరుగుతుంది. అది మునిసిపల్ కౌన్సిల్ బడ్జెట్ సమావేశం. వచ్చే ఏప్రిల్ నుంచి మన కుళాయికి నీళ్లు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజు వస్తాయా, వానలకు ముందు మన వీధి కాలువలో పూడిక తీస్తారా లేదా, మాడిపోయిన వీధి దీపం ఎన్నాళ్లకు వెలుగుతుంది అన్నవన్నీ అక్కడే తేలుతాయి. ఢిల్లీలో కేంద్ర బడ్జెట్ పెట్టే రోజున టీవీల ముందు కూర్చుని ఆదాయపు పన్ను గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. మన ఊరి బడ్జెట్ ఏ రోజున పెడతారో మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఎన్నికైన కౌన్సిల్ లేని కాలంలోనైతే ప్రత్యేక అధికారి సంతకంతోనే ఆ పని అయిపోతుంది.

డబ్బు చాలినంత ఉన్నప్పుడు ఈ నిర్లక్ష్యం బయటపడదు. డబ్బు చాలనప్పుడే కత్తెర బయటికి వస్తుంది. ఆ కత్తెర ఎక్కడ పడాలన్న మాట కౌన్సిల్ హాలులోకి వెళ్లకముందే వార్డులో, పేటలో, అపార్ట్‌మెంట్ సంఘంలో, మహిళా సంఘం సమావేశంలో జరగాలి. ఈ రోజు నేను మీకు విన్నవించుకునేది ఇదే.

పన్నుల గురించి, పౌర సేవల గురించి ఊరంతా కలిసి మాట్లాడుకున్న చరిత్ర తెలుగువాళ్లకు ఉంది. అది నూరేళ్ల నాటి చీరాల-పేరాల కథ.

1919లో అప్పటి మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతవరకు అది చీరాల యూనియన్. జనాభా సుమారు 15 వేలు. నేత పని మీద, చిన్న చిన్న వ్యాపారాల మీద బతికే ఊళ్లు అవి. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి సుమారు 4 వేల రూపాయలు ఉన్న పన్నుల భారం మునిసిపాలిటీ అయ్యాక 40 వేలకు చేరింది. మగ్గం మీద పూట గడుపుకునే కుటుంబానికి అది ఎంత బరువో ఊహించండి. ఊళ్లవాళ్లు అర్జీలు పెట్టుకున్నారు. మునిసిపాలిటీ మాకు వద్దు, మేము మోయలేము అని విన్నవించుకున్నారు. అర్జీలు పనిచేయలేదు. పన్ను కట్టబోమన్నందుకు కొందరు జైలుకు వెళ్లారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉంది.

అప్పుడు వారికి నాయకుడిగా నిలబడ్డవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన మనిషి. పాట, పద్యం, హరికథ తెలిసిన మనిషి. రామదండు పేరుతో స్వచ్ఛంద సేవకుల దళాన్ని తయారుచేశాడు. 1921 మార్చి నెలాఖరులో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. ఆ తర్వాత ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, శాంతియుతంగా పన్ను నిరాకరించి వచ్చే కష్టం భరించడం. రెండు, మునిసిపాలిటీ హద్దులు దాటి వెళ్లిపోవడం. ఊరు లేకపోతే మునిసిపాలిటీ దేనికి?

చీరాల, పేరాల ప్రజలు రెండో దారి ఎంచుకున్నారు. ఊరి జనంలో అత్యధికులు ఇళ్లకు తాళాలు వేసి, పిల్లా జెల్లా, ముసలీ ముతకా, గొడ్డూ గోదా అందరితో ఊరి పొలిమేర దాటారు. అక్కడ తాటాకు పాకలు వేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. తమ తగవులు తామే తీర్చుకునేందుకు పంచాయతీ ఏర్పాటు చేసుకున్నారు. కోస్తా ఎండలకు ఎండారు, వానలకు తడిశారు. సుమారు పదకొండు నెలలు అలా నిలిచారు. చివరకు గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు. చేతిలో డబ్బు అయిపోయింది, ఆదుకునేవారు తగ్గిపోయారు. జనం మళ్లీ తమ ఇళ్లకు చేరారు. మునిసిపాలిటీ మిగిలిపోయింది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న చీరాల నేటికీ మునిసిపాలిటీయే.

ఈ కథను స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగా పాఠాల్లో చదువుకున్నాం. అది నిజమే. అయితే ఇందులో ఇంకో సంగతి ఉంది. 1920 చివరి నుంచి మద్రాసు రాష్ట్రంలో స్థానిక పాలన శాఖ భారతీయ మంత్రి చేతుల్లోకే వచ్చింది. ఆ మంత్రి రామారాయణింగారు, తర్వాత పానగల్ రాజాగా పేరుపొందిన తెలుగువాడే. అధికారం మనవాళ్ల చేతికి వచ్చినంత మాత్రాన ప్రజల మాటకు విలువ రాదని చీరాల అప్పుడే చెప్పింది. ఎంత పన్ను మోయగలం, దానికి బదులుగా ఏ సౌకర్యం కావాలి అన్న రెండు ప్రశ్నలను ఊరివాళ్ల ముందు ఎవరూ పెట్టలేదు. ఆ చర్చ ముందే జరిగి ఉంటే 15 వేల మంది ఉన్న ఊరు పాకల్లో కాపురం చేయాల్సి వచ్చేదా?

ఇక నేటి సంగతి. ఇప్పుడు మన ఊరి ఖజానాకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, భవన నిర్మాణ అనుమతుల ఫీజులు, మునిసిపల్ దుకాణాల అద్దెలు సొంత రాబడి. ఇవి కాక రాష్ట్రం ఇచ్చే వాటా, కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు. 2022లో రిజర్వు బ్యాంకు మునిసిపల్ ఆర్థిక స్థితిపై ఒక నివేదిక ఇచ్చింది. మన దేశంలోని మునిసిపాలిటీలన్నిటి రాబడి కలిపినా స్థూల దేశీయోత్పత్తిలో సుమారు ఒక్క శాతమేనని అది చెప్పింది. అదే బ్రెజిల్‌లో ఏడు శాతానికి పైన, దక్షిణాఫ్రికాలో ఆరు శాతం. మన పట్టణాలు ఎంత చిన్న సంచితో ఎంత పెద్ద సంసారం ఈదుతున్నాయో దీన్ని బట్టి తెలుస్తుంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మునిసిపాలిటీలకు అప్పగించదగ్గ 18 పనుల జాబితా ఇచ్చింది. నీటి సరఫరా నుంచి శ్మశానాల దాకా అందులో ఉన్నాయి. పనులు వచ్చినంతగా డబ్బు రాలేదు.

పైగా వచ్చిన గ్రాంటులోనూ కౌన్సిల్ ఇష్టప్రకారం ఖర్చు పెట్టగలిగేది కొంతే. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు చిన్న, మధ్య తరహా పట్టణాలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికి ముడిపెట్టింది. ఆ రెండు అవసరాలకు రక్షణ ఉండటం మంచిదే. మిగతా సేవలకు ఎవరు రక్షణ?

డబ్బు చాలనప్పుడు ఏం జరుగుతుందో చూడండి. జీతాలు ఆపలేరు. కరెంటు బిల్లు ఆపితే మోటార్లు ఆగిపోతాయి. తెచ్చిన అప్పుకు వాయిదా కట్టాలి. కొత్త రోడ్డు, కొత్త భవనం, కొత్త ఆర్చి శంకుస్థాపనకు శిలాఫలకం ఉంటుంది, దాని మీద పేర్లు ఉంటాయి. వాటిని తగ్గించడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే మరమ్మతుల పద్దు మీద కత్తెర పడుతుంది. పూడికతీత, పైపుల లీకేజీలు, ఫాగింగ్, దోమల మందు, పార్కు కాపలా, మునిసిపల్ బడి పైకప్పు అన్నీ ఆ పద్దులోవే. ఇంట్లో డబ్బుకు కటకట వస్తే మొదట తగ్గేది అమ్మ కంచంలో కూర. ఆమె అడగదు, మనకు కనిపించదు. ఊళ్లో కూడా అంతే. గొంతెత్తి అడిగేవారు లేని సేవే ముందుగా తగ్గిపోతుంది.

ఆ పద్దులు ఎంత ప్రాణప్రదమైనవో మనకు తెలియంది కాదు. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీరు కలుషితమై జనం చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరు పాత పట్టణంలో అతిసారం ప్రబలింది. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. అక్కడా తాగునీటి పైపుల్లో మురుగు కలవడమే కారణమన్నారు. ఈ రెండు విషాదాలకు బడ్జెట్ కోతే కారణమని నేను అనడం లేదు. పాత పైపు మార్చే పద్దులో ఒక అంకె తగ్గించే ముందు ఈ రెండు ఊళ్లను తలుచుకోవాలని అంటున్నాను.

ఈ కోతల బరువు అందరి మీదా ఒకేలా పడదు. కుళాయి నీళ్లు సరిగా రాకపోతే స్తోమత ఉన్న ఇల్లు బోరు వేయించుకుంటుంది, ఇరవై లీటర్ల క్యాను తెప్పించుకుంటుంది. వీధి దీపం వెలగకపోతే కారులో ఇంటికి చేరుతుంది. పార్కు పాడైతే క్లబ్బుకు వెళుతుంది. రోజు కూలితో బతికే ఇంటికి మునిసిపాలిటీ తప్ప మరో దిక్కు లేదు. కుళాయి దగ్గర బిందెతో నిలబడి ఆ రోజు కూలి పోగొట్టుకునేది ఆ ఇంటి ఆడమనిషి. చీకటి వీధిలో రాత్రి షిఫ్టు ముగించుకుని భయంభయంగా నడిచేది ఆ ఇంటి ఆడపిల్ల. మునిసిపల్ బడ్జెట్‌లో కోత పెట్టినప్పుడు నిజానికి ఈ ఇళ్ల మీద ఒక కనిపించని పన్ను వేస్తున్నాం.

ఇక్కడ గ్రంథాలయాల మాట చెప్పకుండా ఉండలేను. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఊరూరా గ్రంథాలయం ఉండాలని అయ్యంకి వెంకటరమణయ్య లాంటివారు జీవితాలు ధారపోశారు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. ఇప్పుడది రూపాయికి 8 పైసలు. ఆ సొమ్మును మునిసిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పగించాలి. చాలా చోట్ల అది సకాలంలో చేరదు, బకాయిలు పేరుకుపోతుంటాయి. పోటీ పరీక్షలకు చదువుకునే పేద విద్యార్థికి ఊళ్లో ఫ్యాను కింద కూర్చుని చదువుకునే చోటు అదొక్కటే. మనం కట్టిన పైసలు ఆ పిల్లల దాకా వెళ్లాయో లేదో అడిగే హక్కు మనకుంది.

సేవలు ముఖ్యమని చెప్పినంత మాత్రాన ఖర్చు తగ్గించవద్దని కాదు. సేవ తగ్గకుండా ఖర్చు తగ్గించిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. ఊరు మళ్లీ లేచి నిలబడే క్రమంలో మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో 90 వేలకు పైగా పాత వీధి దీపాల స్థానంలో ఎల్ఈడీ దీపాలు పెట్టారు. వెలుగు తగ్గలేదు, కరెంటు వాడకం బాగా తగ్గింది. అంతటి కష్టకాలంలో ఒక నగరం ఆ పని చేయగలిగితే, మామూలు రోజుల్లో మన పట్టణం నీటి మోటార్ల కరెంటు బిల్లును, పైపుల్లో కారిపోయే నీటిని, వసూలు కాని దుకాణాల అద్దెలను ఎందుకు చూసుకోకూడదు? సేవ మీద కోత పెట్టేముందు వృథా మీద కోత పెట్టారా అన్నదే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న.

రెండో వైపు కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబర్ 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలైంది. ఇంటింటి చెత్త సేకరణకు ఊరి స్థాయిని బట్టి నెలకు 120 రూపాయల దాకా రుసుము పెట్టారు. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు. కట్టేది లేదని ఎందరో గట్టిగా వాదించారు. ఇంటి పన్ను కడుతున్నాం కదా, మళ్లీ ఇదేమిటి అన్నది వారి వాదన. చెత్త తీసే బండికి, డ్రైవరుకు, డంపింగ్ యార్డుకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది అవతలి వాదన. 2024 అక్టోబర్ 2న ఆ రుసుము రద్దు చేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఇళ్లకు భారం తగ్గింది. కానీ చెత్త తగ్గలేదు, దాన్ని ఎత్తే ఖర్చూ తగ్గలేదు. రుసుము వద్దన్నప్పుడు ఆ ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుందో కూడా అడగాలి. రెండూ కలిపి అడిగితేనే అది పౌరుల చర్చ అవుతుంది.

ఆ ఖర్చులో ఎక్కువ భాగం చీపురు పట్టిన చేతులకు వెళ్లే జీతం. 2023 డిసెంబర్ చివర్లో ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. సమ్మె సాగిన రోజుల్లో వీధుల్లో కుప్పలు పేరుకున్నాయి. తెల్లవారుజామునే వచ్చి మన వీధి ఊడ్చి వెళ్లే మనుషులు ఎవరో, వారి జీతమెంతో అప్పుడు చాలామందికి మొదటిసారి తెలిసింది. పారిశుధ్యంలో పొదుపు అంటే చాలా చోట్ల మనుషులను తగ్గించడం, లేదా జీతం ఆలస్యం చేయడం. చేతికి గ్లౌజు, కాలికి బూటు ఇవ్వకపోవడం. ఆ పొదుపును మన పేరు మీద చేయనివ్వకూడదు. మన ఊరి శుభ్రత ఒకరి ఆకలి మీద నిలబడటం మనకు గౌరవం కాదు.

మరి మాట్లాడే వేదిక ఏది? చట్టంలో ఉంది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెబుతోంది. తెలంగాణ 2019 మునిసిపల్ చట్టం కింద ప్రతి వార్డులో యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేరువేరుగా నాలుగు కమిటీలు ఏర్పాటు చేశారు. అదే చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంది. అంటే ఒక అవసరానికి చట్టం రక్షణ ఇవ్వాలనుకుంటే ఇవ్వగలదు. కమిటీలు కాగితం మీద ఉన్నాయి. వాటి ముందుకు బడ్జెట్ అంకెలు రావాలి. ప్రజల భాషలో, తెలుగులో, ఒక్క పేజీలో రావాలి.

ఇది జరగని పని అని కొందరంటారు. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరం 1989లో పౌరులను బడ్జెట్ చర్చకు పిలిచింది. పేటపేటకూ సభలు పెట్టి ముందు నీళ్లా, రోడ్డా, బడా అన్న వరుసను జనమే నిర్ణయించారు. 1988లో 75 శాతం ఇళ్లకు ఉన్న నీటి, మురుగు కనెక్షన్లు 1997 నాటికి 98 శాతానికి చేరాయి. ఎందుకంటే మురికివాడల మనుషులు సభకు వచ్చి అదే అడిగారు. మన దేశంలో పుణె నగరం 2006 నుంచి బడ్జెట్‌లో చేర్చాల్సిన చిన్న పనులను పౌరుల నుంచి రాతపూర్వకంగా అడిగి తీసుకుంటోంది. పుణె చేసిన పని తెనాలికి, ఖమ్మానికి, అనంతపురానికి, నిజామాబాద్‌కు అసాధ్యం ఎలా అవుతుంది?

చేయాల్సిన పని చిన్నదే. డిసెంబర్, జనవరి నెలల్లోనే, అంకెలు ఖరారు కాకముందే, మీ వార్డులో ఒక సాయంత్రం కూర్చోండి. కౌన్సిలర్‌ను పిలవండి. బడ్జెట్ ప్రతి కావాలని మునిసిపల్ కమిషనర్‌ను అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. నిరుడు ఏ పద్దుకు ఎంత రాశారు, చివరికి ఎంత ఖర్చు పెట్టారు అని పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటి పన్ను ఎంత వసూలు కావాలి, ఎంత వచ్చింది, పెద్ద బకాయిదారులు ఎవరు, అందులో ప్రభుత్వ కార్యాలయాలు ఎన్ని అని అడగండి. కొత్త పనులకెంత, ఉన్నవాటి మరమ్మతుకెంత అని అడగండి. ఏదైనా సేవ తగ్గిస్తామంటే దాని మీద ఎవరు ఆధారపడి బతుకుతున్నారో వారిని ఆ సభకు పిలిచి వారి మాట ముందు వినండి. పాచిపని చేసే అమ్మ, ఆటో నడిపే అన్న, చీపురు పట్టే అక్క మాట్లాడాకే మిగతావారు మాట్లాడండి.

చివరగా మన బాధ్యత ఒకటుంది. పన్ను ఎగ్గొట్టి సేవ అడగడం న్యాయం కాదు. చీరాల, పేరాల ప్రజలు మోయలేని పన్నును ఎదిరించారు, దానికి తమ ఇళ్లనే మూల్యంగా చెల్లించారు. మోయగలిగిన పన్నును దాచుకునేవాడికి వారి పేరు చెప్పుకునే అర్హత లేదు. మనం పన్ను సకాలంలో కడదాం. కట్టిన ప్రతి రూపాయి ఎక్కడికి వెళ్లిందో అంతే పట్టుదలగా అడుగుదాం. వారికి అప్పుడు ఓటు బలం లేదు, లెక్కలు అడిగే చట్టం లేదు. మనకు రెండూ ఉన్నాయి. ఈసారి మీ ఊరి బడ్జెట్ సమావేశం తేదీ తెలుసుకోండి. ఆ తేదీకి కనీసం నెల ముందే మీ వార్డు మాటను కాగితం మీద పెట్టి, అందరూ సంతకాలు చేసి, కౌన్సిల్‌కు అందజేయండి.